రెండు చుట్లు

రుస్తావీలో మంచు కురవని చలి.
షెడ్డులో ఓపెల్ వ్యాను, ముందు చక్రం విప్పి,
పక్కటెముకలు కనబడేలా.

పాత బెల్టు వదులు చేయాలని
టెన్షనర్ బోల్టుకి పానా వేశాడు నుగ్జర్.
కాస్త, ఇంకాస్త...
టప్పున తెగింది.
తల చేతికొచ్చింది.
మొండెం ఇంజనులోనే ఉండిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు.
వ్యాను త్సియాలాది.
"నాలుక్కల్లా రొట్టెలెక్కించాలి" అంది,
గోడకి చెబుతున్నట్టు.

నూనె పోసి టీ తాగాం.
డ్రిల్లు పెడితే జారింది.
మంట చూపిస్తే ఎర్రబడింది గాని కదల్లేదు.
"చేతికి ముందే తెలిసింది, నేనే వినలేదు" అన్నాడు నుగ్జర్.
ఈ మూడేళ్ళలో ఆయన నోట
అలాంటి మాట అదే మొదలు.

చివరికి ఆ విరిగిన ముక్క మీదే
కొత్త నట్టు ఆనించి వెల్డింగు చేశాడు.
తెగినదాన్ని బయటికి తేవాలంటే
ముందు దానికేదో అతకాలట.
చల్లారేదాకా ఆగి, పానా నాకిచ్చాడు.
"బలం కాదు. ముందుకో వెంట్రుకవాసి, వెనక్కో వెంట్రుకవాసి."
కీచుమంది.
పాలపన్నులా ఊడొచ్చింది.

అరిగిన గుర్తుల మీద చుక్కలకి
త్సియాలా తన గోళ్ళరంగు సీసా ఇచ్చింది.
కొత్త బోల్టు, కొత్త బెల్టు.
నేను తాళం తిప్పబోతే నుగ్జర్ చెయ్యి అడ్డుపెట్టాడు.
ముందు చేత్తో తిప్పాలి, పూర్తిగా రెండు చుట్లు,
పిస్టనూ వాల్వూ చీకట్లో గుద్దుకోవని తెలిసేదాకా.

ఒకటి.
ఒకటిన్నర దగ్గర ఏదో బిగిసింది. ఆగిపోయాను.
"అది కంప్రెషన్‌రా," నవ్వాడు, "అయినా ఆగావు, మంచిదే."
రెండు.
ఎర్రచుక్కలు రెండూ
వాటి చోట్లకి వచ్చి నిలబడ్డాయి.

గడియారంలో ఇంకా మూడు కాలేదు.