ఒంటిగంట కబుర్లు

గోడ గడియారం ఒకటి కొట్టేసరికి
నేను గొంతు సవరించుకుంటాను.
అద్దం అవతల ఒలెగారియో వేలెత్తుతాడు.
ఎర్ర దీపం.
ఇక పటగోనియా దక్షిణపు కొసన
మా లోయలన్నిటా సూపు గిన్నెల్లో గరిటెలు ఆగిపోతాయి.

"బూడిద సరస్సు దిగువన ఉండే ఎవారిస్తోకి:
గురువారం పడవ రేవుకి మూడు గుర్రాలు తీసుకురా.
ఒకటి సాధువైనది కావాలి.
అమ్మ వస్తోంది, కాలికి పిండికట్టు."

ఇదీ నా ఉద్యోగం.
దారి లేని చోట్లకి, తీగ లేని ఇళ్ళకి
ఒకరి కాగితం ఇంకొకరి చెవిన వేయడం.

పట్నంలో శిక్షణకి వెళ్ళినప్పుడు
పంతులుగారు బోర్డు మీద రెండు చతురస్రాలు గీశారు.
ఇటు చెప్పేవాడు, అటు వినేవాడు,
మధ్యలో ఒక బాణం.
బాణం మీద నాలుగు వంకర గీతలు.
వాటిని రొద అనాలన్నారు.
పరీక్ష బాగానే రాశాను.

ఆయన బాణం మీద మంచు కురవలేదు.
కొన ఊపిరితో ఉన్న బ్యాటరీలని
పొయ్యి గట్టు మీద వెచ్చబెట్టి
ఇంకో పావుగంట బతికించుకునే చేతులు లేవందులో.
సరిగ్గా పేరు చదివే వేళకే
మొరిగే కుక్క లేదు.

కథ చెప్పేవాళ్ళకి ఊ కొట్టేవాళ్ళుంటారు.
నా కబుర్లకి ఊ లేదు.
ఉంటే గింటే అది నలభై మైళ్ళ అవతల,
మూడు రోజుల తర్వాత,
రేవులో తడుస్తూ నిలబడ్డ గుర్రాలు.
నేను చూడను.

ఒక్క చెవికి చేరాల్సిన మాట
లోయలోని చెవులన్నిటి గుండా పోవాలి.
అందుకే ఓ కుర్రాడు రాయించాడు,
"మచ్చల దూడ ఇల్లు చేరింది" అని.
వాళ్ళింట పశువులే లేవని ఒలెగారియో తర్వాత చెప్పాడు.
ఆ దూడ ఎవరో నాకిప్పటికీ తెలీదు.
నా నోటి మీదుగానే వెళ్ళింది.

ప్రతి శుక్రవారం సెలెదోనియా వస్తుంది.
తలగుడ్డ విప్పి దులిపి, కాగితం ఇస్తుంది. ఒకే వాక్యం.
"కొండోర్ మలుపులో ఉబాల్దోకి: చెప్పడానికేమీ లేదు."
ఏమీ లేకపోతే డబ్బు దండగ కదమ్మా అన్నాను, కొత్తలో.
ఆమె చిల్లర లెక్కపెడుతూనే
"ఆ ముక్క చెప్పకపోతే
ఏదో ఉందనుకుంటాడు" అంది.

పోయిన చలికాలం నాకు దగ్గు.
ఆ గుర్రాల కబురే.
గురువారం అనబోయి, దగ్గి,
మంగళవారం అన్నాను.
సరిదిద్దేలోపు జనరేటర్ ఆగింది.
రాత్రికి గానీ రాలేదు కరెంటు.
అప్పుడు మూడుసార్లు చదివాను,
నిద్రపోతున్న లోయలకి.

వారం తిరిగాక వచ్చాడు ఎవారిస్తో.
టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి.
నేను లేచి నిలబడ్డాను, క్షమాపణ నాలుక మీదే ఉంది.

"రాత్రికి మా బ్యాటరీ చచ్చిపోయింది" అన్నాడు.
"మంగళవారం అనేముందు మీరు దగ్గారు.
పైగా మా అమ్మ మంగళవారం గడప దాటదు,
నాన్న పోయిన వారమది.
అయినా, మీరన్నారు కదాని మంగళవారమే వచ్చాను.
టార్పాలిన్ కట్టుకుని గురువారం దాకా ఉన్నాను."

నేను జారవిడిచిన మాటని
దగ్గు దగ్గరే పట్టుకున్నాడా మనిషి.
సగం నేను చదివాను,
మిగతా సగం వాళ్ళమ్మని ఎరిగినవాడు చదువుకున్నాడు.

గుడ్డలో చుట్టిన జున్నుముద్ద బల్ల మీద పెట్టాడు.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి,
"దగ్గు తగ్గిందా?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో
ఆ బాణం ఇటువైపు రావడం అదే మొదలు.
నేను వెంటనే ఏమీ అనలేకపోయాను.
ఊ అన్నాను.

ఇప్పుడు ప్రతి పేరూ రెండుసార్లు చదువుతాను.
రెంటి మధ్యా కాస్త ఆగుతాను,
ఎక్కడో ఓ కుక్క
మొరిగి ఊరుకునేంత సేపు.