మడిమెల బెజ్జం

దారుల్‌షిఫా దిక్కుకెల్లి ఆటోల ఒచ్చింది,
పాత చద్దర్ల చుట్టి, సుతిలి తాడుతోని బిగిచ్చి.
విప్పితే ఒక ఆడమనిషి.
మూరెడు ఎత్తు. కుడిచెయ్యి పైకి లేపి
అయిదు కొమ్మల దివిటీ పట్టుకున్నది.
ఎన్నేండ్ల సంది పట్టుకున్నదో
భుజం మాత్రం దించలే.

"ఫ్రెంచి మాల్," అన్నడు ఖైసర్ సాబ్.
"రెండు వందల ఏండ్లకు దగ్గర.
జోడీల ఒక్కటే మిగిలింది."

బేగంబజార్ల బిందెల గల్లీ ఎనుక
ఎనిమిదడుగుల దుకాణం నాది.
మావోల్లు గంగాళాలు సాగ్గొట్టిండ్రు, గుడిగంటలు పోసిండ్రు.
నేను నల్లాలకు సుత పాలిష్ పెడ్త.

ముందుగాల కుంకుడు నురగ, మేక ఎంట్రుకల బురుసు.
చింతపండు దగ్గరికి రానియ్యొద్దు,
ఇత్తడికి కన్నతల్లి, ములామాకు సవతితల్లి.
మసి కారుతుంటే
నీళ్లల్ల ఎవరి దావత్‌లో కరిగిపోతున్నయి.

కాలివేళ్లకు గోర్లు చెక్కిండు.
కొప్పు కింద, మెడ ఎనుక,
గోడకు ఆనిచ్చి పెడితే ఏ కంటికీ అందని తావుల
నాలుగు ఎంట్రుకలు జారిడిసిండు.
ఎవ్వలు చూస్తరని?
పీట అంచుకు సంతకం ఉన్నది.
బిడ్డ ఫోన్ల ఎతికి, కూడబలుక్కోని చదివింది,
చదివినప్పుడల్ల ఒక్కో పేరు.

బంగారం పూసినోని సంతకం లేదు.
ఆ పని ఎట్లుంటదో మా ఉస్తాదు చెప్పిండు:
పాదరసంల బంగారం కలిపి
వెన్న లెక్క పూసి, నిప్పుల మీద పెడితే
బంగారం అంటుకుంటది, రసం పొగైపోతది.
పొగ ఏడికి పోతది? పూసినోని రొమ్ములకే.
పండ్లు కదులుతయి. అన్నం ముద్ద నోటికి చేరేదాక చెయ్యి వణుకుతది.
ఈమె చెంప మీద మాత్రం ఒక్క వణుకు లేదు,
నేను బూతద్దం పెట్టి చూసిన.

మడిమె ఎనుక బెజ్జం.
పెన్సిల్ మందం. లోపల బట్ట చుట్టిన వైరు ముక్క.
మైనపొత్తులు పోయి కరెంటు ఒచ్చిన దినాలల్ల
ఎవడో కొట్టిండు.

ఎవడో గాదు.
అంచుకు మూడు చుక్కలు,
మా ఇంట్ల పాత బిందె అడుగున ఉన్న మూడు చుక్కలే.
మా తాత, పెంటాచారి.
వైరు తెగకుంట బెజ్జం అంచును
ఆకురాయితోని గుండ్రంగ పామిండు.
బర్మా తిప్పేముందు ఆమె కాలు మొక్కిండో,
ఆ పూట కూలి లెక్కలేసుకున్నడో.

"బెజ్జం పూడ్చాలె," అన్నడు ఖైసర్ సాబ్,
"ఉంటే సగం రేటే. కొట్టినోడు బేవకూఫ్."
నేను చాయ్ తాగుకుంట తలకాయ ఊపిన.
పూడుస్త. నేను పూడిస్తే
పూడ్చిన నాకే తావు దొరకది.

రాత్రి షటర్ సగం దించి
అదే బెజ్జంలకెల్లి కొత్త వైరు గుంజిన.
తాత పామిన అంచు మీద నున్నగ జారింది.
అయిదు బల్బులు. స్విచ్ ఏసిన.
నల్లాలు, కుక్కర్ మూతలు, క్యాలెండర్ మేకు,
నా గోర్లల్ల ఇరుక్కున్న మసి,
అన్నీ ఒక్కతీరుగ పచ్చగైనయి.
గల్లీల పండుకున్న కుక్క లేచి చూసింది.
కొంచెంసేపు అట్లనే కూసున్న.

తెల్లారి వైరు తీసేసిన.
ఇత్తడి మేకు దిగ్గొట్టి, పామి, రంగు కలిపిన.
మూడు చుక్కలల్ల రెండు చెరిపిన.
మూడోది ఆకురాయికి అందలే
అని చెప్త, ఎవరన్న అడిగితే.