సగం మోతాదు

అగనంపూడి వార్డు కిటికీలోంచి
స్టీల్ ప్లాంట్ పొగగొట్టాలు లెక్కపెట్టడం
నాకు అలవాటు, మందు కలిపే ముందు.
ఎత్తూ బరువూ పట్టికలో కలిసేచోట ఒక అంకె,
ఆ అంకెకి ఇన్ని మిల్లీగ్రాములు.

మార్చిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరు.
గంగవరం క్రేన్ ఆపరేటర్ పైలా సింహాద్రప్పడు,
పెదజాలరిపేట నుంచి సూరాడ పోలమ్మ.
ఇద్దరికీ పేగులోనే గడ్డ. అంకె కూడా ఒకటే.
రెండు సంచులూ ఈ చేత్తోనే కట్టాను.

అతను మూడోరోజు
ఉప్మాలో ఉప్పు లేదని క్యాంటీన్‌తో తగువేసుకున్నాడు.
ఆమె పదోరోజు
నోరంతా పుళ్లై, గుక్కెడు నీళ్లకి ఏడ్చింది.
తెల్లకణాలు నాలుగు వందలు.
ఐసీయూ బయట ఆమె తమ్ముడు
బోటు తిప్పే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
జేబుల్లో కుక్కుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రి రిజిస్టర్ తీశాను.
బ్యాచ్ నంబర్లు, పంపు వేగం, టైము,
చివర నా సంతకం.
దొంగ ముఖంలా దాన్నే చూస్తూ కూర్చున్నాను.
తప్పు ఎక్కడా లేదు.
నిద్రా రాలేదు.

రక్తం హైదరాబాద్ వెళ్లి కాగితమై వచ్చింది.
మందుని విరిచి బయటికి తోసే ఎంజైము
ఆమె ఒంట్లో సగానికి సగం తక్కువ.
ఎక్కడో ఒక్క అక్షరం తేడా, పుట్టుకతోనే.

జూన్‌లో మళ్లీ వచ్చింది. సంచి ఎత్తి చూసింది.
"సగమేటి? మేం బీదోళ్లమనా?
కార్డు మీద వైద్దిగం గదాని కొలత కోసేసినారేటి?"

"జ్ఞానాపురం గెడ్డ ఎరుగుదువు కదా పోలమ్మా,
వాన ఊరంతా ఒకటే కొడుతుంది.
సీతమ్మధార మెరక గంటలో ఆరిపోతుంది,
జ్ఞానాపురంలో మంచాలు తేలతాయి.
నీ గెడ్డ సన్నం. నీకు సగం వానే నిండు వాన."

అందరి సంగతీ గెడ్డతో తేలదు.
వయసు, కిడ్నీలు, పక్కన మింగే మరో మాత్ర,
కాగితం శుభ్రంగా వచ్చీ కూలిపోయినవాళ్లు,
వాళ్లకి నా దగ్గర పోలికే లేదు.
అది ఆమెకి చెప్పలేదు.

చుక్కలు పడటం చాలాసేపు చూసింది.
"పుట్టుకతోనంటే, అమ్మ కాడ్నుంచా?"
"అమ్మో, నాన్నో."
"మా సెల్లి బంగారికి రొమ్ములో గడ్డ, భీమిలిలో ఉంటాది.
మంగళారం నుంచి కీమో మాత్రలు ఎయ్యమన్నారు."

ఇవాళ సోమవారం.
సూది ఉన్న చెయ్యి కదపొద్దంటున్నా వినకుండా
తలగడ కింద ఫోన్ తడుముతోంది.