అడ్డాకుల కట్ట

కారు కొనడానికి వెళ్తూ ఎవరైనా డబ్బు పట్టుకెళ్తారు.
నేను అడ్డాకుల కట్ట ఒకటి చంకన పెట్టుకెళ్లాను.
రెండొందల విస్తళ్లు, పురికొసతో బిగించింది.
మా ఇంట్లో దేన్నయినా దాంతోనే కొలుస్తాం.

రాయగడ బస్టాండు వెనక పాతబళ్ల కొట్టులో
కుర్రాడు నవ్వాడు.
"సీటు కవర్లు చూడండక్కా, పాటలు ఇనండి."
నేను డిక్కీ ఎత్తమన్నాను.
ఎర్రకారు డిక్కీలో సగం గ్యాసుబండే.
కట్ట మధ్యలో ఆగిపోయింది,
గుమ్మంలో ఇరుక్కున్న భోషాణంలా.

మా ఆయన ఆపాటికే దాని అద్దంలో
మీసం దువ్వుకుంటున్నాడు.
"కారంటే ఇలగుండాల.
ఈదిలోకొస్తే నలుగురూ లెగాల."
ఐదేళ్ల వాయిదా, నెలకి ఆరువేల ఎనిమిదొందలు.
అదెన్ని ఆకులో నా బొటనవేలికి తెలుసు,
ఈనెపుల్ల గుచ్చుకుని గుచ్చుకుని
గట్టిపడిన ఆ కాస్త తోలుకి తెలుసు.
నలుగురు లేస్తే నాకేటి?
నేను కూర్చోవాల కదా.

రెండో కొలత మా ఆడపడుచు తవిటమ్మ కాలు.
ఇనపపట్టీ వేసిన కాలు, మడత పడదు.
లెక్కలన్నీ ఆమె నోటనే ఉంటాయి,
ఆమె లేకుండా పార్వతీపురం హోటళ్లవాళ్లు
పైసా రాల్చరు.
ఆటోలో ఆ కాలు బయటికి చాపి
వానకి తడుస్తూ వస్తుంది, వారానికి రెండుసార్లు.

మెకానిక్కు లింగరాజ్ బిడిక ఒక్కటే చెప్పాడు:
"పొద్దున్నే ఎల్లు, చెప్పకుండా ఎల్లు.
ఏడెక్కించి సూపించిన ఇంజన్ని నమ్మకు.
నిద్దట్లో లేపితే మనిషైనా బండైనా
నిజవే మాటాడతాది."

అలా వెళ్లాం పాణిగ్రాహి మాస్టారింటికి.
నాగావళి మీద మంచు ఇంకా విడలేదు.
పళ్లపుల్ల నోట్లోనే ఉంది ఆయనకి.
బూడిదరంగు చిన్నకారు, పదకొండేళ్లది,
బానెట్టు మీద చెయ్యేశాను, చల్లగా ఉంది.
తాళం తిప్పాడు బిడిక.
ఒకసారి దగ్గింది.
రెండోసారి పలికింది.

చాపలెత్తి చూశాడు, తుప్పు చూశాడు,
మిట్ట మీద ఆపి మళ్లీ కదిలించాడు.
డాష్‌బోర్డు అరలో సుద్దముక్కలు, ఒక దువ్వెన,
పిల్లల పేర్లు రాసిన హాజరుకాగితం.
బేరం అంకెలు ఒడియాలో, ఒట్లు తెలుగులో.
లక్షా అరవై అన్నాడు, లక్షా ముప్పైకి దిగాడు.
నా దగ్గర తొంభై, మహిళా సంఘం అప్పు నలభై.
తాళం ఇస్తూ మాస్టారు
సుద్దముక్కలు మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు సర్దాం.
వెనక సీటు మడిస్తే తొమ్మిది కట్టలు.
ముందు సీటు వెనక్కి జరిపితే
తవిటమ్మ కాలు చాపింది, పూర్తిగా, మొదటిసారి.
స్టీరింగు దగ్గర నేను,
నెలరోజులుగా నేర్చుకుంటున్నదాన్ని.

మా ఆయన చుట్టూ ఒకసారి తిరిగాడు.
మళ్లీ తిరిగాడు.
"మరి నాను?"

తవిటమ్మ ముందు నవ్వింది. తరవాత నేను.
చివరికి ఆయన కూడా, కొంచెం ఆలస్యంగా,
పొద్దున్న ఆ ఇంజనులాగే.

దారిలో కూనేరు దగ్గర ఆపారు.
ఇటు ఆపితే తెలుగోళ్లంటారు,
అటు ఆపితే ఒడిశా బండంటారు.
కాగితాలు చూశాడు, లోపలికి తొంగిచూశాడు,
పచ్చాకు వాసనకి ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయాడు.
"బోయినాలెక్కడ?" అన్నాడు.
"ఇంకా వండలేదు బాబూ," అంది తవిటమ్మ.

హారను మేకగొంతు.
ఎత్తుల్లో రెండో గేరే,
వెనక లారీలు కసురుకుంటూనే ఉన్నాయి.
నేను మాత్రం ఎవరికీ దారివ్వలేదని కాదు,
ఎలా ఇవ్వాలో ఇంకా తెలీదు.

పార్వతీపురం చేరేసరికి
పాసింజరు రైల్లో వచ్చిన మా ఆయన
హోటలు మెట్ల మీద
రెండో టీ తాగుతున్నాడు.
"ఇప్పుడా?" అని లేచాడు.

లేచాడు, చూశారా.