ఒక టిక్కీ బురద

గొట్టం పైకి లాగితే
పుల్లేటికుంట అడుగు గుబుక్కుమంది.
తెప్ప మీద మోకాళ్ళేసిన నాగుల్ మీరా
అరచేత్తో గొట్టం మూతి మూసి నవ్వాడు:
"తెల్లారగట్ట నించీ ఈ కుళ్ళుకోసమా అమ్మాయ్?"

తొంభై సెంటీమీటర్ల నలుపు,
మురిగిన కోడిగుడ్డు వాసన.
ఈ కుళ్ళుకోసమే మీరా.
పైన నీళ్ళు పచ్చగా పొంగిన వేసవులన్నీ
పాచి పాచిగా దిగి, అణిగి,
గాలి చొరబడని ఈ చీకట్లో
ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.
మేసే పురుగు ఇంత లోతుకి రాదు,
వస్తే దానికే ఊపిరాడదు.

పచ్చ పచ్చగానే ఉందని కాదు.
గుండెలోని చిటికెడు మెగ్నీషియం జారిపోయి
ఉడికిన గోంగూర రంగుకి తిరిగింది.
పసుపులు మొండివి. అవి తిరగలేదు.
గాజు డిప్పల్లో బతికిన నాచు సంగతి సరేసరి,
ప్రాణం పోయి, రంగు పోయి,
గీతలతో సహా డిప్ప మిగిలింది.
మైక్రోస్కోపులో చూస్తే
తిరునాళ్ళలో తిరగబడిన గాజుల అంగడి.

చీకటి గదిలో సెంటీమీటరుకో బిళ్ళ కోసి
రేకు కాగితంలో చుట్టి, తొంభై పొట్లాలు.
ఆ సాయంత్రమే కాలేజీ ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
ఏప్రిల్ గుంటూరు.
సోడా కొట్టు ఐసు గంటకి నీళ్ళయింది.
ఫ్రీజర్ తలుపుకి చెమట పట్టింది, నాకూ.

"రంగు చెడకూడదు, అంతేగా" అంది మా అమ్మ.
"ఏడుపెందుకు, ఆటో పిలు."

ఇరవై ఆరేళ్ళు యార్డులో తొడిమలు తీసిన మనిషి.
గోళ్ళ కింద ఎరుపు ఏ సబ్బుకీ పోదు.
చిన్నప్పుడు ఆమె పెరుగన్నం కలిపి పెడితే
పెదాలు చురుక్కుమనేవి,
అన్ని ఇళ్ళలోనూ పెరుగు కారంగానే ఉంటుందనుకున్నాను.

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
గుమాస్తా పున్నారావు రిజిస్టరు తెరిచాడు.
"సరుకు?"
బురద.
కలం ఆగింది. "రకం? తేజానా, తాలా?"
అమ్మ నవ్వలేదు. "రాయవయ్యా. ఒక టిక్కీ బురద."
రాశాడు.
రాస్తూ, నాకు తెలియదనుకుని, చెప్పాడు:
"ఎండ, గాలి, పురుగు.
ఈ మూడింటినీ గడప బయట ఆపావా
రెండేళ్ళైనా ఎరుపు ఎరుపే."
నాలుగేళ్ళుగా నేను రాస్తున్న రెండొందల పేజీలు
ఆయన టీ చల్లారేలోగా ముగించాడు.

లోపల పొగలాంటి చలి.
గుట్టలు గుట్టలుగా తేజ బస్తాలు,
వాటి సందులో నా థర్మోకోల్ పెట్టె.
తప్పేం లేదు, చుట్టాలే.
మిరపకాయ ఎరుపూ పాచి పసుపూ
ఒకే ఇంటిపేరు వాళ్ళు.
ఒకరు ధర కోసం చీకట్లో ఆగారు,
ఒకరు ఎవరి కోసమూ కాదు.

నెల తర్వాత ఒక్కో పొట్లం విప్పాను.
నలభై ఒకటో పొరలో ఏమీ లేదు.
కుంట ఎండిన ఏడు అయ్యుంటుంది,
నెర్రెల్లోంచి ఎండ లోపలికి దిగి
ఉన్నదంతా తినేసి పోయుంటుంది.
అమ్మకి చెబితే ఒక్క మాటంది: "తాలు."
నా పట్టికలో ఆ గడికి
అంతకన్నా మంచి పేరు దొరకలేదు.

కానీ ఎనభై ఏడో పొర,
అసిటోన్‌లో నానేసి వడకడితే
సీసా అడుగున రవ్వంత బంగారు పసుపు.
ఎప్పటిదో లెక్క ఇంకా తేలలేదు.
మీరా తాతో, ఆ తాత తాతో
ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కునే ఉంటారు.
యంత్రం దాన్ని చదవాలంటే వెలుతురు పట్టాలి,
వెలుతురు పట్టినంతసేపూ అది చస్తూనే ఉంటుంది.
చదవకపోతే, ఉన్నట్టు ఎవరికీ తెలీదు.

అమ్మకి చూపిద్దామని
సీసా ఎత్తి కిటికీ వైపు తిప్పబోయాను.
ఎవరూ చెప్పకుండానే
ఆమె చెంగు లాగి దాని మీద కప్పింది.
చెంగు నిండా యార్డు ఘాటు.
మూడుసార్లు తుమ్మాను,
చెయ్యి మాత్రం కదలనివ్వకుండా.