గంటన్నర తేడా

మా ఇంట్లో ఎవరూ వర్జ్యం చూడరు, జయపాల్.
మీ నాయన పాస్టరు, మా నాయన రైల్వే గ్యాంగుమన్.
మన పెళ్ళే అమావాస్య నాడు జరిగింది,
ఆ రోజు హాలు సగం అద్దెకి దొరుకుతుందని.
ఇప్పుడు చూడు, సొహార్‌లో ఈ మూడో అంతస్తు గదిలో
పంచాంగం పట్టుకున్న పంతుల్లా
వీసా కాయితం పట్టుకుని కూర్చున్నాను.
భర్త. ఆధారపడిన వ్యక్తి. పద్నాలుగో తేదీ నుంచి.

ఆధారపడిన వ్యక్తి అంటే నువ్వు నవ్వావు.
నవ్వి, కాసేపు ఏం మాట్లాడలేదు.
నీ వెనక పలకలు కోసే మిషను
ఆగి, మళ్ళీ మొదలైంది.

టికెట్టు చవగ్గా వస్తోందని ముందే కొనేశావు.
హైదరాబాదులో పదమూడు రాత్రి పదికి ఎక్కితే
పద్నాలుగు, ఒంటిగంటా పదికి దిగుతావు
నీ వాచీలో.
ఇక్కడి గోడ గడియారంలో అప్పటికింకా
పదమూడే, పదకొండూ నలభై.
ఇరవై నిమిషాలు ముందే పుట్టేస్తావు నువ్వు.

"ఇరవై నిమిషాలేగా, ఎయిర్‌పోర్టు బాత్రూంలో కూర్చుంటా,
కడుపునొప్పని చెప్తా" అన్నావు.
టైపింగ్ సెంటర్ కుంజుమోన్‌ని అడిగాను.
కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని
"కంప్యూటర్‌కి కడుపునొప్పి తెలీదు సిస్టర్" అన్నాడు.
అసలు అక్కడ కౌంటర్లోనే ఆపేస్తారట.

ప్రసవాల వార్డులో నాకు పదకొండేళ్ళు.
నెల ముందొచ్చిన వాళ్ళని గాజుపెట్టెలో సాకాను,
పది రోజులు దాటినా కదలని వాళ్ళని సూదిమందుతో పిలిచాను,
చెప్పిన తేదీకే వచ్చిన బిడ్డ నాకైతే గుర్తులేదు.
మందు సీసా మీద ఎప్పటిదాకా అని ఉంటుంది గానీ
ఎప్పటినుంచి అని ఉండదు.
ఆ మాట మొదటిసారి నీ పేరు పక్కన చదివాను.

పదహారుకి మార్చాం. ముప్పై ఒక్క రియాలు.
"రూపాయల్లో ఎంతో పలక మీద వేశా," అన్నావు,
"వేసి తుడిచేశా."
నాకిచ్చిన నాలుగు రోజుల సెలవులో
రెండు నువ్వు లేకుండానే పోతాయి.
పరుపు తెచ్చేవాళ్ళ కోసం ఒక రోజు ఉండాల్సిందే, సరే.
రెండో రోజు ఏం చేసుకోవాలో తెలీదు.

పదమూడు రాత్రి డ్యూటీలో ఉన్నాను.
నువ్వెక్కాల్సిన విమానం
నువ్వు లేకుండా మస్కట్‌లో దిగే వేళకి
ఒక బలూచీ పిల్ల, తొలికాన్పు,
నా మణికట్టులో గోళ్ళు దించుతోంది.
పదకొండూ యాభైరెండుకి ఆడబిడ్డ.
వాళ్ళత్త గుమ్మంలోంచి కదల్లేదు.
పద్నాలుగని రాయమంది,
పదమూడు వాళ్ళింట్లో ఎవరో పోయిన రోజట.
ఎనిమిది నిమిషాలే కదా అంది.
నాకు నీ బాత్రూము గుర్తొచ్చింది.
పదమూడనే రాశాను. రాశాక
బిడ్డకి టోపీ తొడుగుతుంటే చేతులు వణికాయి.

వార్డు బోర్డు మీద తేదీ మార్చడం
రాత్రి డ్యూటీ వాళ్ళ పని.
రోజూ మర్చిపోతాం, పొద్దున డాక్టరమ్మ అరిచాక మారుస్తాం.
ఇవాళ పన్నెండు కొట్టకముందే
డస్టరు పట్టుకుని నిలబడ్డాను.
ఫోను మోగింది. నీకు ఒకటిన్నర.
గంటన్నరగా నీ పద్నాలుగులో కూర్చుని
నా పద్నాలుగు కోసం చూస్తున్నావట.
"మొదలైందా?"
ఉండు, అన్నాను.
ఒకటిని అలాగే ఉంచి మూడుని చెరిపాను.
నాలుగు వేస్తుంటే మార్కరు ఎండిపోయి సగమే పడింది.
"ఆఁ, అయింది."
"అయితే ఇప్పుడు నేను రావచ్చు" అన్నావు,
మార్కాపురంలో, మిద్దె మీద, నులకమంచంలో చొక్కా లేకుండా.
"రావచ్చు కదా" అని ఇంకోసారి.