పదకొండు కిలోల ఎరుపు

కాసిమేడులో పడవలకు పేర్లు రాస్తాను నేను.
ముక్కుకి రెండు వైపులా పేరు, దాని కింద నంబరు,
అడిగితే ఒక కన్ను. కన్నుకి వేరే డబ్బు.

వేట నిషేధం రోజుల్లో ఊపిరాడని పని.
బోట్లన్నీ గట్టెక్కి, పొట్టలు బయటపెట్టి
పక్కకి ఒరిగి ఉంటాయి.
ఇంజన్ విప్పేవాడు, నార కూరేవాడు, ఫైబర్ అతికేవాడు,
అందరి రెప్పల మీదా ఒకటే గ్రైండర్ దుమ్ము.

సాయంత్రం కుంచెలు కడిగిన థిన్నర్ని
గట్టు మీంచి నీళ్ళలో పోసేవాణ్ణి.
ఒప్పుకుంటున్నాను, చూడ్డానికి నాకిష్టం.
ముందు పసుపు విప్పుకునేది, తర్వాత నీలం,
కాలిన ఆయిల్ పొర మీద అన్నీ కలిసి
నెమలి మెడలా మెరిసేవి.
ఆ మెరుపులోంచి ఒక పీత రాయెక్కి
మూతి దగ్గర నురగ పెట్టుకుని కూర్చునేది.
దాని అలవాటేమో అనుకున్నాను.

మరిడమ్మ సోంపేట వైపు మనిషి.
బోటు అడుగున వెల్లకిలా పడుకుని
గుల్లలు గీకడం ఆమె పని.
గుల్లతో పాటే పాత ఎర్రరంగూ రాలుతుంది.
గుల్ల పట్టకుండా వేసే రంగు అది.
విషం లేనిదే గుల్ల ఎందుకు భయపడుతుంది?
వానొస్తే ఆ పొట్టంతా నీళ్ళలోకే.
వాన రాకపోతే పైపు పెట్టి మేమే తోస్తాం.

ఈ ఏడు ఆమె ఒక ఫ్లెక్సీ మోసుకొచ్చింది,
రాయపురం బ్రిడ్జి కింద ఎవరో విప్పి పడేసింది.
ఇరవై అడుగుల నాయకుడు, రెండు చేతులూ జోడించి.
బోటు కింద పరిచి, అంచులకి ఇటుకలు పెట్టి,
ఆయన బుగ్గకి వీపు ఆన్చి గీకుడు మొదలుపెట్టింది.

"సముద్రానికి చాప పరుస్తున్నావా?"
తమిళంలో అడిగాడు బోటు ఓనరు దేవసహాయం.
అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.
ఆమె కిందనుంచే అంది:
"గీకింది నాను. ఎత్తీదీ నానే."

మూడింటికి గాలి లేస్తుందని ఆమెకి తెలుసు.
పాత చీరలు తడిపి చుట్టూ తెరలా కట్టింది,
గీకే చోట నీళ్ళు చిలకరించుకుంది.
పొట్టు ఎగరలేదు. ముద్దలుగా
నమస్కారం మీద పడింది, ఎర్రగా, తడిగా.

చీకటి పడే వేళకి గుల్లలు ఏరి పక్కన పెట్టి
మిగిలింది గోనెలోకెత్తి
చేపల కాటా మీద పెట్టించింది.
పదకొండు కిలోలు.
ఒక్క బోటు. ఒక్క రోజు.
దేవసహాయం ముల్లు చూశాడు,
వరసలో ఉన్న బోట్లని లెక్కపెట్టబోయి
ఆరో ఏడో దగ్గర ఆపేశాడు.
"వంజరం తూచే కాటా అది, బాగా కడుగు" అన్నాడు చివరికి.
"కడుగుతాను. ఆ నీళ్ళెక్కడ పొయ్యాలో సెప్పు."
అతను చెప్పలేదు.

నేను థిన్నర్ డబ్బాతో గట్టు వైపు నడుస్తున్నాను.
ఆమె పిలవలేదు. ఖాళీ టిన్ను ఒకటి
కాలితో నా ముందుకి జరిపింది, అంతే.

పోసి, మూత పెట్టి వెళ్ళాను.
పొద్దున్నకి రంగు అడుక్కి దిగి
పైన థిన్నర్ తేటగా నిలిచింది. మళ్ళీ వాడుకోవచ్చు!
డబ్బు పెట్టి కొన్నదాన్ని
ఇరవై ఏళ్ళు పీతకి పోశాను నేను.

ఇప్పుడు షెడ్డు మూల నీలం డ్రమ్ము ఒకటుంది,
పొట్టుకీ, ఆయిల్ పీల్చిన గుడ్డలకీ, ఫిల్టర్లకీ.
దాని మీద రాయమంది.
"ఏమని?"
"పారబొయ్యొద్దని. అరవంలోనూ రాయి,
తెలుగు సదివీవోలు ఇక్కడెంతమంది?"
రెండు భాషల్లో రాశాను. చోటు మిగిలితే
కన్ను వేశాను. డబ్బు అడగలేదు.

ఆఫీసులో వచ్చే వారం బండి పంపుతామన్నారు.
ఆ వారం నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది.
నిన్న రాత్రి వాన. తెల్లారకముందే మరిడమ్మ
మూత మీద ఇటుక ఉందో లేదో చూడ్డానికి పరిగెత్తుకొచ్చింది.
ఉంది.
ఫ్లెక్సీలో నాయకుడికి ముక్కు అరిగిపోయింది.

పీత ఆ రాయి మీదే కూర్చుంది ఇవాళ కూడా,
మూతి దగ్గర నురగతో.
అది అలవాటో, జబ్బో
నాకింకా తెలీదు.